మూడు లిపులు – ఒక పనిముట్టు

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే రహదారిలో, పాతబస్తీ పొలిమేరలు దాటిన తరువాత, రాళ్ళగుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా కనిపిస్తుంది. 'పహాడ్' అంటే కొండ. ఆ కొండ వల్లనే ఊరికి పహాడీ షరీఫ్ అన్న పేరు వచ్చింది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమయ్యాక ఈ ప్రాంతపు రూపురేఖలే మారిపోయాయి. ఇక్కడి దుకాణాల పలకలను, వేడుకల మందిరాల ముందు కట్టిన గుడ్డలను చదువుకుంటూ నడిచేవారికి ఒక విశేషం తోస్తుంది. చాలాచోట్ల ఒకే పలక మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పక్కపక్కనే ఉంటాయి. తెలంగాణ రాష్ట్రంలో 2017లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా లభించింది. అయితే ఈ వీధులలో మూడు లిపుల సహవాసం అంతకు ఎంతో ముందునుండే ఉన్నది.

ఈ పలకలను, శుభలేఖలను, ఉర్సు ప్రకటనలను రూపొందించేవారిలో చాలామంది ఏ సంస్థలోనూ ఉద్యోగులు కారు. ఒక చిన్న గది, ఒక కంప్యూటరు, నలుగురైదుగురు తెలిసిన ముద్రాపకులు – ఇదే వారి పెట్టుబడి. ఇటువంటి వృత్తిని ఫ్రీలాన్స్ వృత్తి అంటారు. వడ్రంగికి బాడిస ఎటువంటిదో, ఈ స్వతంత్ర కళాకారునికి సాఫ్ట్‌వేర్ అటువంటిది. బాడిస పదును వేలితో తాకితే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ పదును తెలుసుకోవడం అంత సులువు కాదు.

1985లో అమెరికాలో వెలువడిన పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ ముద్రణరంగాన్ని మలుపు తిప్పింది. కొంతకాలానికి తెలుగునాట కూడా సీసపు అక్షరాల స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించింది. కాని ఆనాటి కంప్యూటర్లకు రోమను లిపి తప్ప మరొకటి తెలియదు. అందుచేత తెలుగు ఫాంట్ల రూపకర్తలు ఒక ఉపాయం పన్నారు. రోమను అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలలో తెలుగు తలకట్టులను, గుడులను, ఒత్తులను కూర్చోబెట్టారు. తెరమీద కనిపించేది తెలుగే అయినా, కంప్యూటరు తన లోపల దాచుకొనేది రోమను గుర్తులనే. 'అను' వంటి ఫాంట్లు ఈ పద్ధతిలోనే పనిచేసి, ఎన్నో పుస్తకాలకు, పత్రికలకు అందాన్ని సమకూర్చాయి. వాటి మేలును తక్కువ చేయడం న్యాయం కాదు. కాని అదే ఫాంటు లేని మరొక కంప్యూటరులో ఆ రచనను తెరిస్తే అర్థంలేని గుర్తుల గుంపు ప్రత్యక్షమవుతుంది. పదేళ్ళ కిందటి శుభలేఖలోని ఒక వాక్యాన్ని వెదకి తీసి తిరిగి వాడుకోవడం కూడా కష్టమే.

ఈ చిక్కును తొలగించినది యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు ప్రత్యేకస్థానం లభించింది. ప్రతి అక్షరానికి ప్రపంచమంతటా చెల్లే ఒకే సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు 'స్త్రీ' అన్న మాటను తీసుకోవచ్చు. కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ఈ మాట కంప్యూటరులో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘమైన గుడి అనే ఆరు సంకేతాలుగా నిలుస్తుంది. ఈ ఆరింటిని కలిపి ఒకే రూపంగా తీర్చవలసిన భారం సాఫ్ట్‌వేరుది. ఆ నేర్పు లేని సాఫ్ట్‌వేరులో పొల్లులు విడివిడిగా నిలబడి మాట ముక్కలైపోతుంది. ఖరీదైన సాఫ్ట్‌వేరుకు కూడా ఈ దోషం తప్పదు. ఇన్‌డిజైన్‌లో 'వరల్డ్ రెడీ కంపోజర్' అనే అమరికను ఎంచుకోనంతవరకు తెలుగు ఒత్తులు చెదిరిపోతాయి. ఈ చిన్న మీట సంగతి తెలియక ఫాంటును నిందించినవారు తక్కువమంది కారు.

ఉర్దూ సంగతి మరింత సున్నితమైనది. నస్తాలీఖ్ శైలిలో మాట కుడినుండి ఎడమకు సాగుతూ, పైనుండి కిందికి వాలుతుంది. పక్కనున్న అక్షరాన్నిబట్టి ప్రతి అక్షరమూ రూపు మార్చుకుంటుంది. అందువల్లనే ఉర్దూ పత్రికలు చిరకాలం కాతిబుల చేతిరాతపై ఆధారపడ్డాయి. హైదరాబాదులోని ఛత్తా బజార్ నేటికీ శుభలేఖలకు పేరుపొందిన చోటు. మీర్జా అహ్మద్ జమీల్ అనే లిపికారుడు దాదాపు 20 వేల అక్షరసంపుటాలను తీర్చగా, 1981లో 'నూరీ నస్తాలీఖ్' యంత్రముద్రణకు సిద్ధమయింది. ఆ అక్షరాలతోనే 1994లో భారతదేశంలో 'ఇన్‌పేజ్' రూపొందింది. పాత ఇన్‌పేజ్ కూడా సొంత సంకేతాలనే వాడేది. అంటే ఒకే పలక కోసం తెలుగును ఒక సాఫ్ట్‌వేరులో, ఉర్దూను మరొకదానిలో దిద్ది, రెండింటిని బొమ్మలుగా మార్చి మూడవదానిలో అతికించవలసి వచ్చేది. చివరి నిమిషంలో పెళ్ళిముహూర్తం మారితే మొత్తం పని మొదటికి వచ్చేది.

ఇప్పుడు ఆ అవస్థ తగ్గింది. దానికి ముఖ్యకారణం 'హర్ఫ్‌బజ్' అనే ఉచిత ఉపకరణం. సంకేతాలను సరైన అక్షరరూపాలుగా కూర్చడం దాని పని. ఆ పేరు పారసీక భాషలోనిది. 'హర్ఫ్' అంటే అక్షరం, 'బాజ్' అంటే తెరచి ఉన్నది. హర్ఫ్ అన్న మాటకు అర్థం పహాడీ షరీఫ్‌లో ఎవరినీ అడగనక్కరలేదు. బొమ్మలు, పలకలు గీయడానికి ఉపయోగపడే ఇంక్‌స్కేప్, పుటలు కూర్చే స్క్రైబస్ దీని సాయంతోనే తెలుగును, ఉర్దూను ఒకే పుటమీద చక్కగా చూపుతున్నాయి. రెండూ ఉచితమే. స్క్రైబస్‌లో ఈ సామర్థ్యం 2024లో వెలువడిన 1.6 కూర్పుతో స్థిరపడింది.

ఫాంట్ల కొరత కూడా కొంత తీరింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా అందించారు. 2013 ప్రాంతంలో సిలికానాంధ్ర సంస్థ ద్వారా మండలి, రామభద్ర, ధూర్జటి, గిడుగు, సురవరం మొదలైనవి స్వేచ్ఛా అనుమతితో వెలువడ్డాయి. వార్తల కూర్పుకు మండలి, శీర్షికలకు రామభద్ర, ఆహ్వానపత్రాలకు ధూర్జటి తగినవి. ఉర్దూకు 'నోటో నస్తాలీఖ్' ఉన్నది.

ఉచితమైనదంతా లోపరహితమని అనుకోరాదు. ఇంక్‌స్కేప్ ప్రధానంగా తెర రంగుల లెక్కలో పనిచేస్తుంది. ముద్రణాలయం వాడేవి నాలుగు సిరాలు. తెరమీద మెరిసిన ఆకుపచ్చ కాగితం మీద మసకబారవచ్చు. కనుక రంగుల తుది సవరణను స్క్రైబస్‌లో చూసుకోవడం క్షేమం. మరోవైపు అడోబ్ సంస్థ 2013 నుండి తన ముఖ్య సాఫ్ట్‌వేరు కొత్త కూర్పులను చందా పద్ధతిలోనే అందిస్తున్నది. చందా ఆగితే పనిముట్టు కూడా ఆగుతుంది. పని నెలనెలా నిలకడగా దొరకనివారికి ఇది బరువే. అందుకే దొంగప్రతుల ఆకర్షణ. అయితే దొంగప్రతి అని తెలిసి వాడటం కాపీరైటు చట్టంలోని 63బి సెక్షను ప్రకారం నేరం. వారం రోజులనుండి మూడేళ్ళవరకు జైలు, 50 వేలనుండి 2 లక్షల రూపాయలవరకు జరిమానా విధించవచ్చు. ఒక్క జరిమానాతో ఆ చిన్న గది మూతపడగలదు.

కొత్త సాఫ్ట్‌వేరును ఎంచుకొనే కళాకారుడు దాని ప్రకటనలను చదవడం కంటె ఒక చిన్న పరీక్ష పెట్టడం మేలు. ఒకే పుటమీద 'లక్ష్మి, రాష్ట్రం, జ్యోత్స్న, ఆహ్వానం' అన్న మాటలను ఒకదాని కింద ఒకటి కూర్చాలి. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతున్నాయేమో గమనించాలి. వాటి పక్కన 'షాదీ ముబారక్' అని ఉర్దూ లిపిలో రాసి, ఆ వరుసలోనే ఒక ఫోను నంబరు చేర్చాలి. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగినా అంకెలు ఎడమనుండి కుడికే నడుస్తాయి. దిశల ఈ మలుపును తట్టుకోలేని సాఫ్ట్‌వేరు అంకెల గుంపులను తారుమారు చేస్తుంది. అక్షరం తప్పితే చదివేవాడు సరిదిద్దుకుంటాడు. ఫోను నంబరు తప్పితే దుకాణానికి బేరమే రాదు.

ఆ పుటను పీడీఎఫ్‌గా మార్చి, ఆ ఫాంట్లు లేని మరొక కంప్యూటరులో తెరవాలి. అక్కడ కూడా మూడు లిపులు చెక్కుచెదరకుండా నిలిస్తే ఆ పనిముట్టు పనికివస్తుంది. పని పూర్తయ్యాక ముద్రణాలయానికి అక్షరాలను గీతలుగా మార్చిన ప్రతిని పంపి, మార్చని మూలప్రతిని తనవద్దనే భద్రపరచుకోవాలి. ముహూర్తం మారిందని రాత్రివేళ కబురు వస్తే దిద్దవలసినది ఆ మూలప్రతినే.