గాజుపాత్రల సేకరణము

హైదరాబాదు నగరమునందు మూసీనది దక్షిణపుటొడ్డున సాలార్ జంగ్ వస్తుప్రదర్శనశాల కలదు. అందు వెనీసు, బొహీమియా, ఫ్రాన్సు, ఇంగ్లండు మున్నగు చోట్లనుండి వచ్చిన గాజు పూలపాత్రలు, పానపాత్రలు బీరువాలలో నిలిచి కాంతులీనుచుండును. ఆ శాలలోని వస్తువులలో చాలభాగమును సేకరించినవాడు మూడవ సాలార్ జంగ్ అనబడు మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949). ఆయన నిజామునొద్ద కొంతకాలము దివానుగా నుండి, 1914లో ఆ పదవిని విడిచిన పిదప తన ధనమును, కాలమును వస్తుసేకరణమునకే వినియోగించెను. ఆయన మరణానంతరము ఆ వస్తువులను ఆయన నివాసమగు దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16వ తేదీన ప్రజల దర్శనార్థము తెరచిరి. 1968లో వానిని ఇప్పుడున్న భవనమునకు చేర్చిరి. గాజుసామానును ఒక వీథినుండి మరియొక వీథికి మార్చుట యెంత పనియో, ఇల్లు మారిన ప్రతి గృహిణికిని తెలియును.

అంతటి సంపద లేనివారును గాజుపాత్రలను సేకరింపవచ్చును. వారికి కావలసినది ధనముకంటె చూపు. పాతసామానుల అంగడిలో రెండు గిన్నెలు ప్రక్కప్రక్కన ఉన్నవనుకొనుడు. ఒకటి నూరేండ్ల నాటిది. రెండవది నిన్న కార్ఖానానుండి వచ్చినది. అమ్మువాడు రెండును పాతవే యనును. కొత్తదానిని పాతదని నమ్మి కొన్నచో పోవునది ధనము మాత్రమే. నిజముగా పాతదానిని గుర్తింపక వంటింటి మూలకు నెట్టి పగులగొట్టుకొన్నచో దానిని మరల సంపాదింపలేము.

గుర్తించుటకు ముందుగా దానిని చేయు విధము తెలియవలెను. ఇసుక, సోడా, సున్నము కలిపి గొప్పవేడిమిలో కరగించినచో గాజగును. సోడా ఇసుకను తక్కువ వేడికే కరగించును. సున్నము గాజు నీటికి చెడకుండ కాపాడును. పనివాడు బోలుగానున్న ఇనుపగొట్టము కొనకు కరగిన గాజుముద్దను ఎత్తి, నోటితో ఊది బుడగగా చేయును. పిమ్మట దాని అడుగున మరియొక కడ్డీని అతికించి, గొట్టమును విడదీసి, మూతిని మరల కాచి తీర్చిదిద్దును. తుదకు కడ్డీని విరిచివేయగా అడుగున గరుకుగా ఒక మచ్చ మిగులును. అది పాత్రకు బొడ్డువంటిది. మంచి పనివారు దానిని అరగదీసి నునుపైన గుంటగా చేయుదురు. ఊదిన పాత్రలో అంచు కొంచెము హెచ్చుతగ్గుగా నుండును. అక్కడక్కడ సన్నని గాలిబుడగలు కూడ కాననగును. అచ్చులో పోసి ఒత్తిన పాత్రకు అచ్చుముక్కలు కలిసినచోట సన్నని గీత నిలుచును. ఇట్లు ఒత్తుపని యంత్రములతో చేయుట 1820ల తరువాత అమెరికాలో విరివిగా వ్యాపించెను.

అయినను మచ్చ యున్నంతమాత్రమున పాతదని నిర్ణయింపరాదు. నేటికిని చేతితో ఊదువారు కలరు. కావున అడుగును భూతద్దముతో చూడవలెను. ఏండ్లతరబడి బల్లలపై జరిగిన పాత్ర అడుగున సన్నని గీతలు నానాదిక్కులకు పోవుచుండును. మోసగాడు గరుకుకాగితముతో రుద్దినచో అవి ఒకే దిక్కునకు వరుసగా నుండును. నా మట్టుకు నాకు ఈ పరీక్ష మచ్చకంటె నమ్మదగినదిగా తోచును.

గాజులో కలిపిన పదార్థమును బట్టి పాత్ర పుట్టిన దేశమును కొంతవరకు ఊహింపవచ్చును. వెనీసు ప్రభుత్వము అగ్నిభయముచే 1291లో కొలుములను మురానో ద్వీపమునకు మార్పించెను. సోడా గాజు చాలసేపు మెత్తగా నుండును గనుక, అచ్చటి పనివారు దానిని తీగలుగా సాగదీసి, రెక్కలుగా మలచిరి. బొహీమియాలో అడవికట్టెల బూడిదనుండి తీసిన క్షారమును వాడిరి. ఆ గాజు గట్టిది. దళసరిగా చేసి చెక్కుటకు తగినది. ఇంగ్లండులో జార్జి రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో ఒక కొత్తగాజునకు పేటెంటు పొందెను. ఆయన మొదటి పాత్రలు సన్నని బీటలతో మసకబారినవి. సీసపు భస్మమును చేర్చి ఆ దోషమును సవరించెను. సీసము కలిసిన పాత్ర చేతికి బరువుగా తోచును. మెల్లగా మీటిన చిరుగంటవలె మ్రోగును. అంగడివాడు చూచుచుండగా గట్టిగా మీటకుడు!

గాజు విరుగుట యెట్టి నష్టమో పోర్ట్‌లండు పాత్ర కథ తెలుపును. సుమారు రెండువేల యేండ్ల క్రిందట రోమను శిల్పులు ముదురునీలపు గాజుపై తెల్లని పొరను పోసి, ఆ పొరను చెక్కి బొమ్మలు తీర్చిరి. అది బ్రిటిష్ మ్యూజియములో ఉండగా 1845 ఫిబ్రవరి 7వ తేదీన త్రాగియున్న ఒక యువకుడు రాయి విసరి దానిని రెండువందలకు పైగా ముక్కలు చేసెను. చట్టములోని లోపముచే అతనికి ఆ పాత్రకై శిక్ష పడలేదు; దానిని కప్పియున్న గాజుపెట్టెను పగులగొట్టినందులకు మాత్రము మూడు పౌనుల జుర్మానా విధింపబడెను. జాన్ డబుల్‌డే అను నేర్పరి ముక్కలను అతికించెను గాని ముప్పదియేడు చిన్నముక్కలకు చోటు దొరకలేదు. 1948-49లో ఒకసారి, 1988-89లో మరియొకసారి దానిని విడదీసి మరల కూర్చిరి. ఆ తుదిసారి మిగిలిన ముక్కలన్నియు ఇంచుమించుగా తమ చోటులను చేరెను.

ఇంటిలో ఇట్టి పాత్రలను ఉంచుకొనువారు వేడినీటిని తలంపరాదు. వేడి తగిలిన భాగము ఒక్కసారి ఉబ్బి, తగలని భాగము ఉబ్బక, రెంటినడుమ పాత్ర చిట్లును. పూలు వాడిన పిమ్మట నీటిని నిలువయుంచిన లోపల తెల్లని మరక పట్టును. కొంతకాలమునకు అది పోదు. పాత్రను పిడి పట్టి ఎత్తక, క్రింద చేయియుంచి ఎత్తవలెను. ప్రతిదానికిని ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు దొరకినదో ఒక పుస్తకములో వ్రాసియుంచుట మంచిది.

మన బజారులలో దొరకు గోలీసోడా సీసాను మీరెరుగుదురు. మెడలో గోలీ నిలుచు ఆ సీసాను ఇంగ్లండులో హైరమ్ కాడ్ అను ఇంజనీరు 1870లలో రూపొందించెను. నేడు ఆ దేశమున పాత కాడ్ సీసాలను ఆసక్తితో వెదకి కొని దాచుకొనువారు కలరు. అక్కడ చెడకుండ మిగిలినవి తక్కువ. ఏలయన, ఆనాటి పిల్లలు గోలీకొరకు సీసాలను పగులగొట్టెడివారు.