లైసెన్సు రాకముందే రేడియో

2008 అక్టోబరు 15. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరు అనే పల్లె నుంచి ఓ కొత్త స్టేషన్ గాల్లోకి వచ్చింది. 90.4 మెగాహెర్ట్జ్, సంఘం రేడియో. దాన్ని నడిపే బాధ్యత ఇద్దరు నర్సమ్మలది. ఒకరు ‘జనరల్’ నర్సమ్మ, ఇంకొకరు ఆల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళిత కుటుంబాల ఆడపిల్లలు. స్వచ్ఛంద సంస్థల లైసెన్సుతో నడిచే కమ్యూనిటీ రేడియోల్లో దేశం మొత్తమ్మీద ఇదే మొదటిది. ప్రారంభించడానికి జస్టిస్ పి.బి.సావంత్ వచ్చారు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఆయన ఒకరు. మన తెలుగు న్యాయమూర్తి బి.పి.జీవన్‌రెడ్డి కూడా అందులో ఉన్నారు.

చరిత్రలో ఆ తేదీకే చోటు దక్కింది. నాకు మాత్రం అంతకుముందు గడిచిన పదేళ్లే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తాయి.

ఈ స్టేషన్ వెనకున్న స్వచ్ఛంద సంస్థ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. అది పనిచేసే ఆ ప్రాంతంలో యునెస్కో సాయంతో స్టూడియో 1998 నాటికే ఉంది. సొసైటీ నడిపిన ‘పచ్చసాలె’ బడిలో చదువుకున్న జనరల్ నర్సమ్మ లాంటి పిల్లలూ ఉన్నారు. లేనిదల్లా అనుమతి కాగితం. తీర్పు చెప్పింది కోర్టు, ఇవ్వాల్సింది ఢిల్లీ! 2002లో విద్యాసంస్థల వరకు గేటు తీశారు. స్వచ్ఛంద సంస్థల వంతు వచ్చేసరికి 2006 నవంబరు అయింది.

ఈలోగా వీళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. రికార్డు చేస్తూ పోయారు. జొన్నలో కలిపి వేసే పంటలు, దాచుకోవాల్సిన విత్తనాలు, పండగ పాటలు, ఇంటి వైద్యం... అన్నీ అక్కడి యాసలోనే. ఆ క్యాసెట్లు పట్టుకెళ్లి మహిళా సంఘాల సమావేశాల్లో టేపురికార్డరు పెట్టి వినిపించేవారు. దీని లాభం ఏమిటో మైకు ముందు కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు. రేడియోలో శ్రోతలు కనపడరు. ఇక్కడ ఎదురుగానే కూర్చుంటారు. ఎక్కడ ఆవలించారో, ఎక్కడ పక్కవాళ్లతో మాటల్లో పడ్డారో, ఏ పాటకు గొంతు కలిపారో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఇంతకన్నా మంచి జర్నలిజం కాలేజీ ఏముంటుంది? ఫీజు కూడా లేదు.

కమ్యూనిటీ రేడియోలో వార్తలు చెప్పకూడదని 2006 విధానం నిబంధన పెట్టింది. వాన పడిందా, విత్తనం దొరికిందా అన్నది మరి వార్త కాక ఏమవుతుందో ఆ రాసినవాళ్లకే తెలియాలి.

కెమెరా సంగతి ఇంకా బాగుంటుంది. అదే సొసైటీలో కూలి పనులు చేసుకునే, అక్షరం రాని ఆడవాళ్లు వీడియో తీయడం నేర్చుకున్నారు. సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి.సతీశ్ ఒకప్పుడు దూరదర్శన్ ప్రొడ్యూసర్. పుస్తకాల్లోని కెమెరా కోణాలను ఈ మహిళలు తమ బతుకులోంచి గుర్తుపెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేలు షాటు. నేలమీద కూర్చున్న జీతగాడు దొరను చూసినట్టు కిందినుంచి పైకి చూస్తే అది బానిస చూపు. కళ్లకు కళ్లు సమానంగా ఉంటే సంఘం షాటు. ఫిల్మ్ స్కూళ్లలో వారాల తరబడి చెప్పే పాఠం ఇది. వీళ్లకు ఎవరి వాకిట్లో ఎక్కడ కూర్చోబెట్టేవారో గుర్తుంటే చాలింది. ఆ కెమెరాతోనే వరంగల్ బీటీ పత్తి రైతుల వెంట పడి, విత్తనం నాటిన దగ్గర్నుంచి పంట చేతికొచ్చేదాకా చిత్రీకరించారు. 2003లో ఆ సినిమా బయటికొచ్చింది.

యూట్యూబ్‌లోనూ ఇదే కథ. జగిత్యాల వైపు లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ ‘మై విలేజ్ షో’ అనే చానెల్ మొదలుపెట్టింది 2012లో. పల్లెలో నెట్ ప్యాక్ వేయించుకుంటే వీడియో మధ్యలోనే అయిపోయే రోజులవి. చవక డేటా వచ్చింది 2016 సెప్టెంబరులో, జియోతో. అప్పటికి ఈ కుర్రాళ్ల చేయి తిరిగిపోయింది. బీడీలు చుట్టి, కూలికెళ్లిన గంగవ్వ అనే పెద్దావిడ తెరమీద ఎంత సహజంగా తిట్టగలదో కూడా కనిపెట్టింది వాళ్లే!

2018లో ‘కికి ఛాలెంజ్’ పిచ్చి పట్టుకుంది గుర్తుందా? నడుస్తున్న కారులోంచి దిగి, పక్కనే డ్రేక్ పాటకు డ్యాన్స్ చేయడం. చాలాచోట్ల పోలీసులు కేసులు పెడతామని హెచ్చరించారు. లంబాడిపల్లిలో అనిల్ గీల, పిల్లి తిరుపతి బురద మడిలో ఎడ్లతో దున్నుతూ, మోకాళ్లపైకి బురద కొట్టుకుంటూ, వాటి పక్కనే అదే పాటకు చిందేశారు. ఎడ్లు తమ నడక తాము నడిచాయి, ఎవరికీ ప్రమాదం లేదు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. చూసినవాళ్లకు అదృష్టం అనిపించవచ్చు. అప్పటికి ఆరేళ్లుగా అదే పొలాల్లో కెమెరా పెడుతున్నవాళ్లకు ఎండ ఎటు పడుతుందో, ఎడ్లు ఎక్కడ మొరాయిస్తాయో తెలుసు.

హైదరాబాద్ దారి వేరు, లెక్క మాత్రం ఇదే. దర్శకుడు తరుణ్ భాస్కర్ ‘సైన్మా’ లాంటి లఘుచిత్రాలతో సాధన చేసుకున్నాకే 2016లో ‘పెళ్లిచూపులు’ సినిమా తీశాడు. మాటలకు జాతీయ అవార్డు కూడా తెచ్చుకున్నాడు.

ఇప్పటి పిల్లలకు గేటు లేదు, కాగితమూ అక్కర్లేదు. ఫోనుంటే స్టేషనున్నట్టే. ఇది మంచిదే. కాకపోతే మొదటి వీడియో పెట్టిన గంటకే వ్యూస్ లెక్క చూసుకుని, రెండోదానికే ఎవరినో అనుకరించడం మొదలవుతోంది. ఎదుట కూర్చుని ఆవలించే పదిమంది దొరకడమే కష్టమైపోయింది.

ఈ దారిలో వెళ్తానంటే ఇంట్లోవాళ్లడిగే జీతం ప్రశ్నను నేను తీసిపారేయను. మండలంలో పత్రికకు కంట్రిబ్యూటరుగా చేరితే వచ్చేది లైన్ అకౌంట్ డబ్బులు, అచ్చయినంతకే లెక్క. డెస్కులో సబ్ ఎడిటర్‌కు కాస్త నయం. రెండు భాషల్లో శుభ్రంగా రాయగలిగినవాళ్లకు ఓటీటీ సబ్‌టైటిళ్లు, యాప్‌ల తెలుగు, సంస్థల ప్రచార విభాగాల పని దొరుకుతోంది. సొంత చానెల్ నమ్ముకుని మొదటి నెలలోనే ఉద్యోగం మానేస్తానంటే నేనైతే వద్దంటాను. పగలు ఆ పని, సాయంత్రం ఈ పని చేసుకుంటే రెండూ ఒకదానికొకటి పనికొస్తాయి. డెస్కులో హెడ్డింగు కుదించడం నేర్చినవాడికి వీడియోలో ఎక్కడ కత్తిరించాలో తొందరగా అర్థమవుతుంది.

గంగవ్వ 2019లో ‘మల్లేశం’లో నటించింది, మరుసటి ఏడాది బిగ్‌బాస్ ఇంట్లో అడుగుపెట్టింది. బురదమడిలో చిందేసిన అనిల్ గీల 2025లో ‘మోతెవరి లవ్ స్టోరీ’ అనే వెబ్ సిరీస్‌కు హీరో అయ్యాడు. దాని నిర్మాతల్లో శ్రీరామ్ శ్రీకాంత్ ఒకరు.