రంగస్థల దీపాలకు ప్లగ్గుల ఎన్నిక

నాటకంలో సూర్యోదయం చూపవలసి వచ్చినపుడు దీపాలు చీకటి నుండి మెల్లమెల్లగా వెలుగులోకి రావాలి. ఈ పని చేసే సాధనం డిమ్మరు. ప్రేక్షకులు దీపాన్ని చూస్తారు. నాటకం ఆడించేవారు డిమ్మరును గురించి ఆలోచిస్తారు. ఈ రెంటినీ కలిపే ప్లగ్గును ఎవరూ తలచుకోరు. కొన్నేళ్ళ క్రితం మా కళాశాల వార్షికోత్సవం నాడు, రెండవ అంకం మధ్యలో రంగం సగం చీకటి అయ్యేవరకు నేనూ తలచుకోలేదు. ఫ్యూజు పోలేదు, డిమ్మరు చెడలేదు. తెర వెనుక బేకలైటు మాడిన వాసన మాత్రం వచ్చింది. చూడగా ఒక ప్లగ్గు నల్లబడి ఉన్నది.

ఫ్యూజు ఎందుకు పోలేదు? ప్లగ్గు పిన్నూ సాకెట్టులోని రేకూ పైకి నున్నగా కనిపించినా నిజానికి కొద్ది బిందువుల దగ్గర మాత్రమే ఒకదానినొకటి తాకుతాయి. రేకు బిగువుగా ఉన్నంతకాలం అక్కడి నిరోధం ఓములో కొన్ని వేయవ వంతులే. 0.005 ఓము అనుకుందాం. 10 ఆంపియర్ల కరెంటు పారితే పుట్టే వేడి, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించగా, అర వాటు. రేకు వదులై, మసి పట్టి, నిరోధం 0.2 ఓముకు పెరిగిందనుకోండి. ఇప్పుడు పుట్టే వేడి 20 వాట్లు. చిన్న సోల్డరింగు ఇనుము వేడి కూడా ఇంచుమించు ఇంతే. దానిని ప్లగ్గులో మూసిపెట్టి మూడు గంటలు నాటకం ఆడినట్లే! ఆ వేడికి రేకు బిగువు ఇంకా తగ్గుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. ఐతే 230 వోల్టులలో ఇక్కడ పోయేది 2 వోల్టులే కనుక దీపం వెలుగులో తేడా కంటికి తెలియదు. కరెంటు పెరగదు కనుక ఫ్యూజుకూ తెలియదు.

ఇందులో మా తప్పు కూడా ఉన్నది. పేట్ల తీగ కొసలకు తగరం పోసి, స్క్రూ క్రింద బిగించాము. చూడడానికి అది శుభ్రంగా ఉంటుంది. కాని తగరపు మిశ్రమం మెత్తనిది. ఒత్తిడికి, వేడికి అది నెమ్మదిగా అణగిపోయి స్క్రూ వదులవుతుంది. తగరం పోయకుండా పేట్లను మెలిపెట్టి బిగించడమే మంచిది. తీగ కొసకు రాగి తొడుగు వేసి నొక్కితే మరీ మంచిది.

ఇక ప్యాచ్ ప్యానెల్ సంగతి. ఒక హాలులో దీపాల వలయాలు ఇరవైనాలుగు, డిమ్మర్లు ఆరే ఉన్నవనుకోండి. ఏ సీనుకు ఏ దీపాలు కావాలో వాటిని ఆ డిమ్మర్లకు కలుపుకోవాలి. పాత టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు త్రాళ్ళు మార్చి గుచ్చినట్లు, ఇక్కడ దీపాల వలయాల కొసలను డిమ్మర్ల గడులలో గుచ్చుతారు. అందుకు ఉపయోగించే ఫలకమే ప్యాచ్ ప్యానెల్. కరెంటు వచ్చే డిమ్మరు వైపు ఎప్పుడూ సాకెట్టు ఉండాలి, పిన్నులు దీపం వైపు ఉండాలి. లేకపోతే ఊడిన ప్లగ్గు పిన్నులలో కరెంటు ఉంటుంది.

1000 వాట్ల దీపం 230 వోల్టుల వద్ద సుమారు 4.3 ఆంపియర్లు తీసుకుంటుంది. 10 ఆంపియర్ల డిమ్మరు ఇటువంటి దీపాలను రెండింటిని మోయగలదు. మూడవది చేరితే 13 ఆంపియర్లవుతుంది. కనుక ఒక్కొక్క డిమ్మరుకు రెండేసి సాకెట్లు మాత్రమే అమర్చడం తెలివైన పని. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తంతువు నిరోధం వెలిగే తంతువు నిరోధంలో పదవ వంతు కూడా ఉండదు. అందుచేత డిమ్మరు పూర్తిగా తెరచి ఉండగా ప్లగ్గు గుచ్చితే క్షణకాలం కరెంటు పదిరెట్లు ఉరుకుతుంది, పిన్ను మీద నిప్పురవ్వ లేస్తుంది. ప్లగ్గు మార్చేముందు డిమ్మరును దించి, ఆ వలయం స్విచ్చి ఆపాలి.

ప్లగ్గు ఆకారం కూడా చిన్న విషయం కాదు. ఇంగ్లండులో 1947లో చదునైన పిన్నుల 13 ఆంపియర్ల ప్లగ్గుకు ప్రమాణం ఏర్పడి, క్రమంగా అది ఇళ్ళన్నిటికీ వ్యాపించింది. నాటకశాలలవారు మాత్రం పాత గుండ్రని పిన్నుల 15 ఆంపియర్ల ప్లగ్గునే ఉంచుకున్నారు. కొత్త ప్లగ్గు లోపల ఫ్యూజు ఉంటుంది. నాటకం మధ్యలో అది పోతే పైన దూలానికి వ్రేలాడే దీపం దగ్గరకు ఎవరు ఎక్కుతారు? రెండవ లాభం ఇంకా గొప్పది. ఇంటి సామాను ప్లగ్గు డిమ్మరు సాకెట్టులో పట్టనే పట్టదు.

ఆ పద్ధతిని మనం అలాగే తెచ్చుకుంటే రెండవ లాభం పోతుంది. మన ఇళ్ళలో ఇస్త్రీపెట్టెకూ గీజరుకూ వాడేది ఆ గుండ్రని పిన్నులదే, నేడు 16 ఆంపియర్లది. నటులకు ఉక్కపోస్తున్నదని ఎవరో ఒకరు టేబిల్ ఫానును సామాన్య సాకెట్లున్న డిమ్మరులో పెట్టడం నేను చూచాను. థైరిస్టరు డిమ్మరు కరెంటు తరంగంలో ప్రతి అర్ధభాగం మొదటి ముక్కను కత్తిరించి మిగిలినది పంపుతుంది. దీపం దానితో సర్దుకుంటుంది. ఫాను మోటారు మూలిగి వేడెక్కుతుంది. కనుక మన హాళ్ళలో డిమ్మరు సాకెట్లుగా, కర్మాగారాలలో వాడే నీలిరంగు గుండ్రని 16 ఆంపియర్ల రకాన్ని పెట్టమని నా సలహా. వెల ఎక్కువే. కాని అందులో ఇంటి ప్లగ్గు ఏదీ దూరదు. 32 ఆంపియర్ల దాని పరిమాణం వేరు కనుక ఒకదానికి ఒకటి పొరపడే వీలూ లేదు.

పెద్ద డిమ్మర్ల బీరువాకు మూడు ఫేజుల సరఫరా వస్తుంది. మూడు ఫేజులూ సమానంగా, పూర్తిగా వెలిగితే న్యూట్రల్ తీగలో కరెంటు ఉండదని పాఠంలో చెబుతాము. ఐతే మూడింటినీ సరిగా అర్ధతరంగం నడుమ కత్తిరించామనుకోండి. పూర్తి వెలుగులో 20 ఆంపియర్లు మోసే ఫేజు తీగలో ఇప్పుడు 14 ఆంపియర్లే ఉంటాయి, కాని న్యూట్రల్‌లో 20 ఉంటాయి! తరంగాలు ముక్కలైనందువల్ల ఒకదానినొకటి రద్దు చేసుకోలేవు. తరగతిలో గ్రాఫు కాగితం మీద మూడు తరంగాలను గీసి కూడి చూడవచ్చు. అందుచేత న్యూట్రల్ కనెక్టరు ఫేజు కనెక్టరు కంటె చిన్నది కారాదు. అది ఊడితే 230 వోల్టుల దీపాల మీద 400 వోల్టుల దాకా పడవచ్చు. విడివిడి కనెక్టర్లు కలిపేటప్పుడు సరఫరా ఆపి, మొదట ఎర్త్, తరువాత న్యూట్రల్, ఆ తరువాతనే ఫేజులు కలపాలి. విప్పేటప్పుడు ఇందుకు తలక్రిందులు.

ఇప్పుడు వస్తున్న ఎల్‌ఇడి రంగదీపాలలో చాలావాటికి తగ్గించే యంత్రాంగం లోపలే ఉంటుంది. వాటికి కత్తిరించని నిండు సరఫరా కావాలి. డిమ్మరు సాకెట్టులో పెడితే అవి చెడిపోవచ్చు. పాత దీపాలు, కొత్త దీపాలు కలిసి ఉన్న హాలులో రెండింటికీ రెండు ఆకారాల ప్లగ్గులు ఉంటే, చీకటిలో తడుముకునే కుర్రవాడికి కూడా పొరపాటు చేయడం సాధ్యం కాదు.

మా కాలేజీలో ఇప్పుడు నాటకానికి ముందురోజు దీపాలన్నీ ఒక అరగంట నిండుగా వెలిగించి, తరువాత మెయిన్ స్విచ్చి ఆపి, ఒక్కొక్క ప్లగ్గును వ్రేళ్ళతో తాకి చూస్తాము. ప్రక్కవాటి కంటె వేడిగా ఉన్నదానిని విప్పి స్క్రూ చూస్తాము. రేకు వదులైతే సాకెట్టునే మారుస్తాము.