నాగలి, తుపాకీ: షింజియాంగ్ దళంపై భిన్నాభిప్రాయాలు

చైనా బలాన్ని అంచనా వేసేవారు సాధారణంగా క్షిపణులను, యుద్ధనౌకలను లెక్కిస్తారు. అంతకంటే ముందు గమనించవలసిన విషయం ఒకటి గలదు. ఆ దేశంలో సైన్యం కమ్యూనిస్టు పార్టీ ఆజ్ఞకు లోబడి ఉంటుంది. 1929 డిసెంబరులో జరిగిన గుటియన్ సమావేశం ఈ సూత్రాన్ని స్థిరపరచింది. రాజకీయాధికారం, ఆయుధబలం ఒకే చేతిలో ఉన్నప్పుడు ప్రజాజీవితం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఉయ్‌గుర్ ముస్లిముల స్వస్థలమైన షింజియాంగ్‌ను పరిశీలించాలి. పాత గ్రంథాలలో సింకియాంగ్‌గా పేర్కొన్న ప్రాంతమే ఇది.

1949లో అక్కడ ప్రవేశించిన సైనికులతోను, లొంగిపోయిన నేషనలిస్టు సైనికులతోను 1954లో 'ఉత్పత్తి, నిర్మాణ దళం' ఏర్పడింది. సరిహద్దులో సైనికులచేత సేద్యం చేయించి, తిండినీ కాపలానూ ఒకేసారి సమకూర్చుకోవడం హాన్ వంశపు చక్రవర్తుల నాటి పద్ధతి. 1975లో రద్దయిన ఈ దళాన్ని 1981లో పునరుద్ధరించారు. దీని విభాగాలకు నేటికీ డివిజన్లు, రెజిమెంట్లు అనే పేర్లే ఉన్నాయి. పత్తి పొలాలు, కర్మాగారాలు, పట్టణాలే గాక, పోలీసులు, న్యాయస్థానాలు కూడా దీనికి గలవు. షింజియాంగ్ పార్టీ కార్యదర్శియే దీని ప్రథమ రాజకీయ కమిసార్.

దళం ఎడారిని సాగులోకి తెచ్చిందని, సరిహద్దును కాపాడిందని, జాతుల ఐక్యతను పెంచిందని చైనా ప్రభుత్వం 2014 నాటి శ్వేతపత్రంలో వాదించింది. 2009లో ఉరుంచీలో, 2014లో కున్మింగ్‌లో జరిగిన హింసను చూపి, కఠిన చర్యలు అవసరమైనాయని కూడా అంటుంది. 2017 నుండి విస్తరించిన నిర్బంధ కేంద్రాలను అది వృత్తి శిక్షణాలయాలుగా పేర్కొన్నది.

విమర్శకుల దృష్టిలో ఇది వలస స్థాపన. 1953 జనగణనలో సుమారు 6 శాతమున్న హాన్ జాతీయులు 2020 నాటికి 42 శాతమైనారు. ఈ వలసకు దళం ఒక ప్రధాన ద్వారం. షింజియాంగ్‌లోని నిర్బంధాలు మానవాళిపై నేరాలు కావచ్చునని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న ప్రకటించింది. చైనా ఆ నివేదికను తిరస్కరించింది.

ముస్లిం దేశాలు సైతం ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ నివేదికపై చర్చ జరపాలన్న తీర్మానం 2022 అక్టోబరు 6న మానవహక్కుల మండలిలో 17-19 ఓట్లతో వీగిపోయింది. పాకిస్తాన్, ఇండోనేషియా, ఖతర్ వ్యతిరేకించాయి, సోమాలియా సమర్థించింది, మలేషియా తటస్థంగా ఉన్నది. పరుల ఆంతరంగిక విషయాలలో జోక్యం తగదన్న వాదన ఒకటి, వాణిజ్య ప్రయోజనాలు మరొకటి ఇందుకు కారణాలుగా చెప్పబడినాయి. అయితే ఓట్ల లెక్క సత్యాసత్యాలను నిర్ణయించదు.

ఎడారి పచ్చబడిందన్నది నిజమే. హింసలో అమాయకులు మరణించిన మాటా నిజమే. కాని ఈ రెండూ నిర్బంధితుని కుటుంబం వేసే ప్రశ్నకు సమాధానం కాజాలవు. పొలం యజమాని, పోలీసు, న్యాయాధిపతి ముగ్గురూ ఒకే పార్టీ ఆజ్ఞకు బద్ధులైనచోట, అన్యాయానికి గురైనవాడు తట్టడానికి మరో తలుపు ఉండదు. చైనా శక్తిని గురించిన ఏ అంచనా అయినా ఈ విషయాన్ని విస్మరిస్తే అది అసంపూర్ణమే.