పొద్దు వాలాక రైలు ఫొటో

హౌరా–ముంబయి లైన్లో బిలాస్‌పూర్ దాటి రాయ్‌పూర్ వైపు వెళ్తుంటే తగిలే చిన్న స్టేషన్ బిల్హా. రైల్వే ఉద్యోగాలకు వచ్చి బిలాస్‌పూర్‌లోనే స్థిరపడ్డ తెలుగువాళ్లు సొంతూళ్లకు ఎక్కే విశాఖ, తిరుపతి ఎక్స్‌ప్రెస్‌లు దీని మీదుగానే పోతాయి. కోర్బా వైపు నుంచి బొగ్గు గూడ్సులు సరేసరి. రైలు ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? పగలైతే చేతిలో ఏ ఫోనున్నా చాలు. పొద్దు వాలాకే కెమెరాల అసలు రంగు బయటపడుతుంది.

గంటకు 108 కి.మీ. వేగంతో వచ్చే బండి సెకనుకు 30 మీటర్లు కదులుతుంది. షట్టర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే ఆలోగా ఇంజిన్ అర మీటరు జరిగిపోతుంది, దాని మీది నంబరు అలుక్కుపోతుంది. 1000వ వంతుకు తగ్గిస్తే జరిగేది 3 సెంటీమీటర్లే. కానీ లోపలికి వచ్చే వెలుతురు కూడా దాదాపు 17వ వంతుకు పడిపోతుంది. అప్పుడు ఫొటో నిండా రవ్వలు. దీన్ని నాయిస్ అంటారు. తప్పంతా సెన్సార్‌దే అనుకుంటాం గానీ, చాలావరకు అది కాంతి స్వభావమే. వాన మొదలైనప్పుడు పక్కపక్కన పెట్టిన రెండు గిన్నెల్లో చినుకులు సమానంగా పడవు కదా, పిక్సెళ్ల మీద ఫోటాన్లూ అంతే. కాంతి నాలుగు రెట్లయితే ఈ తేడా, మొత్తంతో పోలిస్తే, సగానికి తగ్గుతుంది.

ఫోన్లు వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలిపి ఈ రవ్వలను అణుస్తాయి. కదలని స్టేషన్ బోర్డుకు ఆ కిటుకు బాగా పనిచేస్తుంది. దూసుకొచ్చే బండి ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకేచోట ఉండదు.

అందుకే పెద్ద సెన్సార్ మీద మోజు. ఫుల్ ఫ్రేమ్ 36×24 మి.మీ., అంటే 864 చదరపు మి.మీ. ఏపీఎస్-సీ సుమారు 367, మైక్రో ఫోర్ థర్డ్స్ 225. ఇప్పుడు పెద్దదంటున్న ఈ 36×24 ఒకప్పుడు మరీ చిన్నది. 19వ శతాబ్దం చివర సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ పెద్ద పెద్ద గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీశారు. అలాంటి బరువులు మోయలేకే జర్మనీలో ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్ము ఫ్రేముకు రెండింతల కొలత పెట్టి చిన్న కెమెరా చేశాడు. 1925లో లైకాగా మార్కెట్లోకి వచ్చింది అదే.

సెన్సార్ పెద్దదైనంత మాత్రాన వెలుతురు దానంతటది రాదు. రావాల్సింది లెన్సు కంత గుండా. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో భాగిస్తే ఆ కంత వ్యాసం తెలుస్తుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 50 మి.మీ. ఎఫ్/2.8, మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 25 మి.మీ. ఎఫ్/1.4: రెంటికీ కంత 18 మి.మీ.కు దగ్గరే, దృశ్యమూ దాదాపు అంతే, అందే కాంతీ అంతే. చిన్న కెమెరాకు బరువు తగ్గిందంటే చాలాసార్లు ఆ కంతను తగ్గించినందుకే.

బిల్హా ప్లాట్‌ఫాం మీద సందెవేళ నిలబడేవారికి నా ఓటు ఏపీఎస్-సీ బాడీకి, 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్సుకు. దాని కంత 19 మి.మీ. పైనే. ఎఫ్/2.8 లెన్సు తగిలించిన ఫుల్ ఫ్రేమ్ అంతకంటే ఎక్కువ కాంతి ఇవ్వదు. దుకాణంలో సెన్సార్ సైజు అడిగే ముందు ఈ చిన్న భాగహారం చేసుకోండి.