బంగారు నానోకణాలతో నీటి పరీక్ష: రంగు మారితే ఏమని అర్థం?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• బంగారు కొల్లాయిడ్ ఎర్రగా ఎందుకు కనిపిస్తుందో, ఎప్పుడు నీలంగా మారుతుందో వివరించగలుగుతారు.
• ఆ కొల్లాయిడ్‌ను తయారుచేసే ఒక పద్ధతిని వర్ణించగలుగుతారు.
• రంగు మార్పు ఆధారంగా నీటి గురించి ఏమి చెప్పవచ్చో, ఏమి చెప్పకూడదో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

మెట్రో రైలులో తార్నాక నుంచి నాగోలు వైపు ప్రయాణిస్తే హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ, స్టేడియం, ఉప్పల్ స్టేషన్లు వరుసగా వస్తాయి. ఈ దారికి ఉత్తరాన నాచారం పారిశ్రామికవాడ, దక్షిణాన మూసీ ఉన్నాయి. ఉప్పల్ దాటిన తరువాత పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు మూసీ మురుగునీటితో ఏళ్ల తరబడి పారాగడ్డి పెంచి పాడిపశువులకు మేపారు. ఇలాంటి ప్రాంతంలో నివసించేవారు తమ బోరు నీటిలో పాదరసం వంటి విషలోహాలు ఉన్నాయా అని అడగడం సహజం.

ఉప్పల్ రోడ్డులోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల ఐసీపీ–ఎంఎస్ అనే పరికరంతో నీటిలోని లోహాలను చాలా తక్కువ స్థాయిలో కూడా కొలవగలరు. అయితే అది ఖరీదైన పరికరం. దానిని బోరు దగ్గరకు తీసుకుపోలేము. అందుకే ఒక చుక్క వేయగానే కంటికి కనిపించేలా రంగు మారే పరీక్షల కోసం శాస్త్రజ్ఞులు ప్రయత్నిస్తున్నారు. వాటిలో బంగారు నానోకణాలది ముఖ్యమైన స్థానం.

2. ఎరుపు రంగుకు కారణం

లోహంలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయని మీకు తెలుసు. సుమారు 20 నానోమీటర్ల బంగారు కణం కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎంతో చిన్నది. అందువల్ల కాంతిలోని విద్యుత్ క్షేత్రం కణంలోని ఎలక్ట్రాన్లన్నింటినీ ఒక్కసారిగా ఒక పక్కకు జరుపుతుంది. ధనావేశ అయాన్లు వాటిని వెనక్కి లాగుతాయి. ఇలా ఎలక్ట్రాన్ల సమూహం ఊయలలాగా డోలనం చేస్తుంది. కాంతి పౌనఃపున్యం ఈ డోలనపు సహజ పౌనఃపున్యంతో సరిపోయినప్పుడు అనునాదం ఏర్పడుతుంది. దీనినే స్థానిక ఉపరితల ప్లాస్మాన్ అనునాదం అంటారు.

నీటిలోని చిన్న బంగారు కణాలకు ఈ అనునాదం సుమారు 520 నానోమీటర్ల వద్ద, అంటే ఆకుపచ్చ కాంతిలో వస్తుంది. ఆకుపచ్చ కాంతి శోషణ చెందడంతో ద్రావణం ఎర్రగా కనిపిస్తుంది. కణాలు ఒకదానికొకటి బాగా దగ్గరైతే వాటి డోలనాలు పరస్పరం ప్రభావితమై, అనునాదం ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు, 600 నానోమీటర్లు దాటి జరుగుతుంది. అప్పుడు ద్రావణం ఊదా లేదా నీలం రంగులోకి మారుతుంది.

ఎర్రని బంగారు ద్రావణంలో ఉప్పు కలిపితే నీలమవుతుందని మైకేల్ ఫారడే 1857లోనే గమనించాడు. ఈ పరిశీలనను గుర్తుంచుకోండి. దీని అవసరం 5వ విభాగంలో వస్తుంది.

3. తయారీ

1951లో టర్కెవిచ్, ఆయన సహచరులు వివరించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. పలుచని క్లోరోఆరిక్ ఆమ్ల ద్రావణాన్ని మరిగిస్తూ సోడియం సిట్రేట్ కలుపుతారు. లేత పసుపు రంగు పోయి, ద్రావణం నల్లబారి, చివరకు చిక్కని ఎరుపుకు వస్తుంది. సిట్రేట్ ఇక్కడ రెండు పనులు చేస్తుంది. బంగారు అయాన్లను క్షయకరించి లోహంగా మారుస్తుంది. తరువాత కణాల తలంపై చేరి వాటికి రుణావేశం ఇస్తుంది. ఆ ఆవేశాల వికర్షణ వల్లనే కణాలు విడివిడిగా నిలుస్తాయి. సిట్రేట్ తగ్గిస్తే కణాల పరిమాణం పెరుగుతుందని ఫ్రెన్స్ 1973లో చూపాడు.

4. పాదరసాన్ని గుర్తించడం

బంగారానికి పాదరసాన్ని ప్రత్యేకంగా గుర్తుపట్టే గుణం సహజంగా ఉండదు. ఆ గుణాన్ని మనం కణం తలంపై అమర్చాలి. 2007లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో మిర్కిన్ బృందం రెండు రకాల బంగారు కణాలకు డీఎన్‌ఏ పోగులను అతికించింది. ఆ పోగులు ఒక్కచోట తప్ప అంతటా జతకుదురుతాయి. ఆ ఒక్కచోట థైమిన్‌కు ఎదురుగా థైమిన్ ఉంటుంది. పాదరసం అయాన్ సరిగ్గా ఆ రెండు థైమిన్‌ల మధ్య చేరి వాటిని కలుపుతుంది. దీనివల్ల కణాల గుంపు విడిపోవడానికి మరింత ఎక్కువ ఉష్ణోగ్రత కావాలి. తగిన ఉష్ణోగ్రత వద్ద చూస్తే, పాదరసం లేని ద్రావణం ఎరుపుగా, ఉన్నది ఊదాగా కనిపిస్తాయి.

5. బోరు నీటిలో వచ్చే చిక్కు

భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరులో పాదరసం 0.001 మిల్లీగ్రాము మించరాదు. అదే ప్రమాణంలో కాల్షియంకు ఆమోదయోగ్య పరిమితి 75 మిల్లీగ్రాములు. అయాన్ల సంఖ్యలో లెక్కిస్తే, ఒక్కొక్క పాదరసం అయాన్‌కు మూడున్నర లక్షలకు పైగా కాల్షియం అయాన్లు ఉండవచ్చన్నమాట. అలా ఉన్నా అది మంచినీరే.

కాల్షియం వంటి ద్విసంయోజక అయాన్లు కణాల రుణావేశాన్ని కప్పివేస్తాయి. వికర్షణ తగ్గడంతో సిట్రేట్ కణాలు గుంపు కడతాయి. డీఎన్‌ఏ జతలు కూడా లవణాలు పెరిగితే మరింత గట్టిగా నిలుస్తాయి. కాబట్టి పాదరసం ఏమాత్రం లేకపోయినా, కేవలం చవుడు లేదా కాఠిన్యం వల్ల రంగు మారే అవకాశముంది. ఆ రంగు చూసి ఒక కుటుంబం మంచి బోరును మూసివేయవచ్చు.

దీనికి విరుద్ధమైన పొరపాటు మరింత ప్రమాదకరం. పైన చెప్పిన 2007 నాటి పద్ధతి లీటరుకు సుమారు 20 మైక్రోగ్రాముల వరకే పాదరసాన్ని గుర్తించగలిగింది. ప్రమాణం అనుమతించేది 1 మైక్రోగ్రాము మాత్రమే. అంటే పరిమితికి పది రెట్లు పాదరసం ఉన్న నీటిలో కూడా ద్రావణం ఎరుపుగానే మిగలవచ్చు. రంగు మారలేదు కనుక నీరు సురక్షితమని చెప్పడం తప్పు.

6. పరీక్షను నమ్మదగినదిగా చేయడం

నమూనా నీటితో పాటు ఈ నాలుగింటిని తప్పక చేయాలి.

(అ) స్వేదనజలంతో అదే పరీక్ష. ఇక్కడ రంగు మారితే కొల్లాయిడ్ చెడిపోయిందని అర్థం.
(ఆ) థైమిన్–థైమిన్ స్థానంలో మరో పొంతనలేని జత ఉన్న కణాలతో నమూనా పరీక్ష. ఇవి కూడా ఊదాగా ఉంటే కారణం లవణాలే కావచ్చు.
(ఇ) నమూనాలో గుర్తింపు పరిమితికి పైబడిన, తెలిసిన పరిమాణంలో పాదరసం కలిపి పరీక్ష. అప్పటికీ మార్పు రాకపోతే, నీటిలోని మరో పదార్థం పాదరసాన్ని బంధిస్తున్నదని అనుమానించాలి.
(ఈ) కంటితో సరిపెట్టుకోక, 620, 520 నానోమీటర్ల వద్ద శోషణల నిష్పత్తిని కొలవడం.

ఫలితం ఏదైనా, తుది నిర్ధారణకు నమూనాను ప్రయోగశాలకు పంపాలి. బోరు దగ్గర చేసే పరీక్ష ఏ నమూనాను ముందు పంపాలో చెబుతుంది. నీరు తాగవచ్చో లేదో చెప్పదు.

7. మరొక మార్గం

కణాల మధ్య ఇరుకైన సందులలో విద్యుత్ క్షేత్రం ఎంతో బలపడుతుంది. అక్కడ చిక్కిన అణువుల రామన్ పరిక్షేపణం కూడా పెరుగుతుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో లేజర్‌తో తయారుచేసిన బంగారు, వెండి నానోనిర్మాణాలతో పేలుడు పదార్థాల ఆనవాళ్లను ఈ విధంగా గుర్తించారు. ప్రతి అణువుకూ దానిదైన కంపనాలుంటాయి కనుక ఇక్కడ గుర్తింపు సులభం. కానీ పాదరసం అయాన్ ఒంటరి పరమాణువు. దానికి అణుకంపనాలు లేవు కనుక సొంత రామన్ సంకేతం ఉండదు. దానిని బంధించే అణువులో వచ్చే మార్పునే చూడాలి.

8. సారాంశం

రంగును ఇచ్చేది లోహం. గుర్తింపును ఇచ్చేది దాని తలంపై ఉన్న రసాయనం. రంగు మార్పు కణాలు దగ్గరయ్యాయని మాత్రమే తెలుపుతుంది. ఎందుకు దగ్గరయ్యాయో పోల్చి చూసే పరీక్షలే తేల్చాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సిట్రేట్ కణాలు ఉప్పు నీటిలో ఎందుకు గుంపు కడతాయి?
2. పాదరసం పరమాణు ద్రవ్యరాశి 200.6 అయితే, లీటరుకు 1 మైక్రోగ్రాము ఎన్ని నానోమోల్‌లకు సమానం? (జవాబు: సుమారు 5)
3. ఒక నాచారం బోరు నమూనాలో (అ) ఎరుపు, (ఆ) ఊదా వచ్చాయనుకోండి. నమూనా పరీక్షలో కూడా ఊదా వస్తే, ఆ ఇంటివారికి మీరు ఏమి చెబుతారు? కారణాలతో రాయండి.