బెజవాడలో రెండు దినములు



ఏడాదికొక్కసారియైనను ఇంటిల్లిపాదియు పట్టణమునకు పోయి, శని ఆదివారములు అక్కడ గడపి, కావలసిన వస్తువులు కొనుక్కొని, నాలుగు వింతలు చూచి రావలెనను కోరిక మన యిండ్లలో అందరకును ఉండును. ఆ కోరికను పైకి చెప్పువారు పిల్లలు. చెప్పనివారు ఆడవారు. ఏర్పాటు చేయువారము మనము. ఈ యేర్పాటులో మనవంటి పెద్దలు చేయు పొరపాటు ఒకటి కలదు. అది నేను స్వయముగా చేసినదే గనుక, దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

మాది దివిసీమలోని యొక పల్లె. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. నాలుగేండ్ల క్రిందట నేను, నా భార్య, కుమారుడు, కోడలు, మనుమడు, మనుమరాలు ఆరుగురము బెజవాడకు బయలుదేరితిమి. పంతులు బుద్ధి యెక్కడికి పోవును? బడిలో వ్రాసినట్లే ఒక కాగితముపై పట్టిక వ్రాసితిని. తొమ్మిది చోట్లు, ఒక్కొక్క చోటికి ఎదురుగా గంటలు, నిమిషములు. మొదటి దినము ఉదయము దుర్గగుడి, పిమ్మట కొండపల్లి, పిమ్మట ఉండవల్లి, పిమ్మట మంగళగిరి. కాగితముమీద అన్నియు చక్కగా అమరినవి.

కాని కొండపల్లి కృష్ణకు ఈవలి ఒడ్డున, పట్టణమునకు వాయవ్యముగా ఇంచుమించు 20 కిలోమీటరుల దూరమున నున్నది. మంగళగిరియో, కృష్ణకు ఆవల, దక్షిణమున. రెండింటికి నడుమ పట్టణమంతయు అడ్డముగా నున్నది. ఆ బండ్ల రద్దీ నా పట్టికలో లేదు. మంగళగిరి చేరునప్పటికి నాలుగు గంటలు దాటెను. అక్కడ కొండమీది పానకాలస్వామి ఆలయమును మధ్యాహ్నము మూడు గంటలకే మూసివేయుదురు; రాత్రివేళ దేవతలు, ఋషులు వచ్చి స్వామిని అర్చింతురని నమ్మకము. నా భార్య చేతిలో ఒక చిన్న మూట యుండెను. ఆమె మెట్ల మొదట నిలిచి, ఒక్కసారి కొండవైపు చూచి, చేతులు జోడించి, "పోదము రండి" అనెను. అంతకుమించి ఏమియు అనలేదు. ఆ పిమ్మట మూడేండ్లపాటు ఏ ప్రయాణమునకు పిలిచినను, "నాకు మోకాళ్ల నొప్పులు, మీరు పోయి రండి" అనుచు వచ్చెను. నేనును మోకాళ్లనే నమ్మితిని.

గడచిన మాఘమాసమున మరల పోవ నిశ్చయించితిమి. ఈసారి పట్టిక వ్రాయలేదు. వారము ముందుగా, ఒక రాత్రి భోజనములైన తరువాత అందరను అరుగుమీద కూర్చుండబెట్టి, "ఒక్కొక్కరు ఒక్కొక్క కోరిక చెప్పుడు, రెండవది చెప్పగూడదు" అంటిని. మనుమడు పడవ యెక్కవలె ననెను. మనుమరాలికి కొండపల్లి బొమ్మ కావలెను. కుమారుడు మధ్యాహ్నము రెండు గంటలు నిద్రపోవలె ననెను. కోడలు నవ్వుచు, "రెండు దినములు పొయ్యి మొగము చూడకుండ వేడివేడిగా ఒకరు వడ్డింపగా తినవలెను, మామయ్యగారూ" అనెను. నవ్వుచు చెప్పినను అది హాస్యము కాదని మనకు తెలియును గదా. నా భార్య మాత్రము చాలసేపు మాటాడలేదు. చివరకు, "పానకము" అనెను. మనుమనికి జ్వరము తగ్గినచో స్వామికి పానకము పోయింతునని మ్రొక్కుకొన్నదట. నాటి మూటలో నున్నది బెల్లము. ఆ సంగతి ఆమె చెప్పలేదనుటకంటె, నేను అడుగలేదనుట న్యాయము.

కోరికలు తెలిసిన పిమ్మట దినములను పంచుట కష్టము కాలేదు. నదికి ఆవలివన్నియు శనివారమునకు, ఈవలివన్నియు ఆదివారమునకు. శుక్రవారము సాయంకాలమే బస్సులో చేరి, గాంధీనగరములో బస చేసితిమి. ముందురాత్రి చేరుటలో ఖర్చు కొంత హెచ్చే. కాని తెల్లవారుజామున పిల్లలను లేపి, ఊపిరాడకుండ బయలుదేరి, పట్టణము చేరునప్పటికే అలసిపోవు బాధ తప్పును. ఋతువును కూడ చూచుకొనవలెను. బెజవాడ యెండలు మీరెరిగినవే. కార్తికము మొదలు మాఘము వరకు హాయి. దసరా పదిదినములు అమ్మవారి దర్శనము కోరి పోవుట వేరు, విశ్రాంతి కోరి పోవుట వేరు. ఈ రెండును కలుపరాదు.

శనివారము ఉదయముననే మంగళగిరి చేరితిమి. కొండమీదికి మెట్లదారియే గాక బండ్లు పోవు దారియు గలదు. ఆ సంగతి ముందు తెలిసికొనియుండినచో మోకాళ్ల ప్రసక్తియే రాకపోవును. స్వామి నోటిలో పానకము పోయగా సగము పుచ్చుకొని సగము ప్రసాదముగా విడుచునని ప్రసిద్ధి. నా భార్య బిందెవైపు చూచుచుండెను. నేను ఆమె మొగమువైపు చూచుచుంటిని. కొండక్రింది లక్ష్మీనరసింహస్వామి ఆలయపు తూర్పు గోపురము పదునొకండు అంతస్తులది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు పందొమ్మిదవ శతాబ్ది తొలి యేండ్లలో కట్టించినది. మనుమరాలు అంతస్తులు లెక్కపెట్టుచు మూడుసార్లు తప్పి, నాలుగవసారి సరిగా చెప్పెను. తొందర లేదు గనుక నాలుగుసార్లును నిలిచితిమి.

ఇక బట్టలమాట. మంగళగిరి నూలుచీర నేత దట్టముగా నుండును, ఉతికినకొలది మెత్తబడును, జరీ అంచు సాదాగా నుండును. మరమగ్గపు బట్టను చేనేతయని అమ్మువారు అన్నిచోట్ల గలరు. పోల్చుకొనుటకు ఒక గురుతు చెప్పెదను. చేతిమగ్గముమీద బట్ట వెడల్పు తగ్గకుండ రెండు అంచులకును సూదులున్న బద్దను అడ్డముగా బిగింతురు. ఆ సూదులు గ్రుచ్చుకొన్న సన్నని రంధ్రములు అంచులవెంట కనబడును. చీరను వెలుగుకెత్తి చూడుడు. ప్రభుత్వమువారి చేనేత ముద్ర యున్న చీట్టియు అడుగవచ్చును. అంగడిలోకంటె నేతగాని యింట, మగ్గము ప్రక్కన కూర్చుండి కొనుట నాకు ఇష్టము. అచ్చట బేరమాడుటకు నోరు రాదు, రాకపోవుటయే మంచిది.

డబ్బు విషయమున ఒక చిన్న యేర్పాటు చేసితిని. ఇప్పుడు జేబులోని ఫోనును చూపి చెల్లించుటచేత, పోయిన సొమ్ము కంటికి కనబడకుండ పోవుచున్నది. అందుచేత బయలుదేరునప్పుడే అయిదు కవరులలో నోట్లు పెట్టి తలకొకటి ఇచ్చితిని. కవరులోని దానికి లెక్క అడుగనని మాట ఇచ్చితిని. నా భార్య తన కవరులోని సొమ్ముతో ఏమి కొనెనో నాకిప్పటికిని తెలియదు.

భోజనమునుగూర్చి కొంత వివరముగా చెప్పవలెను. ఏలయన శాకాహారులకు ప్రయాణములో చిక్కంతయు ఇచ్చటనే వచ్చును. కేవలము శాకములే వండు హోటళ్లు బెజవాడలో కొదువలేదు. చిక్కు వేళతో. ఒంటిగంటకు పోయినచో, తినుచున్నవారి కుర్చీ వెనుక నిలువబడి వారెప్పుడు లేతురా యని చూచుచుండవలసివచ్చును. తినువారికిని సుఖము లేదు, నిలిచినవారికిని లేదు. పదునొకండున్నర గంటలకే కూర్చుండుడు. అప్పుడు అన్నము పొగలు క్రక్కుచుండును. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గుత్తివంకాయ, చారు, గడ్డపెరుగు ఒకదానివెంట నొకటి వచ్చును. మారు అడిగినచో విసుగుకొనరు. శనివారము నా భార్యకు ఒంటిపూట. కావున పగలు భోజనము, రాత్రి అందరకును ఫలహారమే యని ముందే అనుకొంటిమి. ఆమె ఒక్కతె ప్రక్కన కూర్చుండి మమ్ము చూచుట తప్పెను. గాంధీనగరములో బాబాయి హోటలని పాతది యొకటి కలదు. అక్కడి ఇడ్లీమీద వెన్నయు కారప్పొడియు వేసి యిత్తురు. పిల్లలకు అది చాలును. పెసరట్టు ఉప్మా పెద్దలకు. వీధిలో పునుగులు, బజ్జీలు తినగూడదని నేననను. మూకుడులోనుండి అప్పుడే తీసినవి తినుడు. పళ్లెములో చల్లారినవి వలదు.

మధ్యాహ్నపు వేడి తగ్గిన పిమ్మట ఉండవల్లి చూచితిమి. ఒక్క కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిన గుహాలయమిది. క్రింది అంతస్తు పూర్తికాక సగములో నిలిచిపోయినది. పై అంతస్తులలో నొకదానియందు అనంతపద్మనాభస్వామి పవళించియున్న పెద్ద విగ్రహము, ఆ కొండరాతిలోనే మలచినది, కలదు. నా భార్యయు నేనును క్రింద చెట్టునీడను కూర్చుంటిమి. తక్కినవారు ఎక్కి చూచి వచ్చిరి. తిరిగివచ్చి దీపములు పెట్టువేళ బీసెంటు రోడ్డులో నడచితిమి. అక్కడ కొనుటకంటె చూచుట వేడుక. గాజులు, చెప్పులు, పిల్లల గౌనులు. కోడలు కవరు అచ్చటనే ఖాళీ యయ్యెను.

ఆదివారము కొండపల్లి. బొమ్మలు పట్టణములోని అంగళ్లలోను దొరకును. పోవలసినది చేయువారిని చూచుటకు. తెల్లపొణికి యను తేలికకొయ్యను ఆరబెట్టి, చేతులు, కాళ్లు, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టుతో కలిపిన ముద్దతో అతికి, సున్నము పూసి రంగులు వేయుదురు. ఏనుగు అంబారీని మనుమరాలు చేతిలో పెట్టుకొని, "ఇంత బరువు లేకుండ ఉన్నదేమి తాతయ్యా?" యని అడిగెను. ఆ తేలికదనమే కొయ్యకు గురుతని అక్కడివారు చెప్పిరి. కోట యెక్కలేదు. మధ్యాహ్నము మా కుమారుడు తన రెండు గంటలు కాక మూడు గంటలు నిద్రించెను, ఎవరును లేపలేదు.

సాయంకాలము పడవ. బ్యారేజి నీటిని నిలుపుటచేత పైభాగమున కృష్ణ ఎప్పుడును నిండుగా కనబడును. పడవలు భవానీ ద్వీపమునకు పోవునది ఆ నీటిమీదనే. వరదలప్పుడు పడవలను ఆపుదురు గనుక శ్రావణ భాద్రపదములలో పోవువారు ముందు కనుగొనవలెను. 1855లో పూర్తియైన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, దానికి మారుగా 1957లో ఇది నిలిచినదని మనుమనికి చెప్పబోతిని. వాడు చేయి నీటిలో ముంచి ఆడుచుండెను. ఊరకుంటిని.

దుర్గగుడికి మాత్రము పోలేదు. ఊరికి వచ్చిన పిమ్మట, బెజవాడ పోయి అమ్మవారిని చూడకుండ వచ్చితిరా యని పలువురు మందలించిరి. పడవలోనుండి ఇంద్రకీలాద్రికి దండము పెట్టుకొంటిమని చెప్పితిని; కొందరు ఒప్పుకొనలేదు.

రాత్రి బస్సులో పిల్లలు నిదురించిరి. ఉయ్యూరు దాటిన తరువాత నా భార్య కిటికీవైపు చూచుచునే, "ఏమండీ, ఉండవల్లిలో పడుకొన్న స్వామిని నేను చూడనే లేదు. మరల ఎప్పుడు పోదము?" అనెను.